గుణుపురం మౌసి సంగతి

పర్లాకిమిడి

బుజ్జీ,

నిన్న ఫోన్లో నువ్వడిగినదానికి జవాబు చెప్పలేక ఫోన్ మీ నాన్న చేతిలో పెట్టేశాను. కోపం వచ్చిందనుకోకు. "మౌసి మనకి చుట్టం కాదు కదమ్మా, ఆవిడ పోతే నువ్వెందుకు పది రోజులు ఒంటిపూట తింటున్నావు, నీకసలే షుగరు" అన్నావు. నీ స్థానంలో ఎవరున్నా అదే అడుగుతారు. మాత్రలు వేళకి వేసుకుంటున్నాను. రాత్రిపూట మజ్జిగలో అటుకులు నానబెట్టుకుని తింటున్నాను. పొద్దున్న మీ నాన్న షుగర్ చూస్తే బాగానే ఉంది, టెన్షన్ పడకు. మిగతాది నోటితో చెప్పబోతే ఏడుపొస్తోంది, అందుకే కాగితం తీశాను.

నీకు ఊహ తెలిసేసరికే ఆవిడ గుణుపురం మౌసి. మౌసి అంటే ఒరియాలో పిన్ని. సంక్రాంతికి తగరం డబ్బా పట్టుకుని రైలు దిగే మనిషి, నిన్ను చూడగానే బుగ్గ గిల్లి "ఎంత చిక్కిపోయావే" అనే మనిషి. అంతకు ముందు కథ నీకెవరూ చెప్పలేదు. నేనే చెప్పి ఉండాల్సింది గానీ, మనిషి ఎదురుగా తిరుగుతూ ఉంటే కథ చెప్పాలని ఎవరికి తోస్తుంది?

వాళ్లది మా ఇంటి వెనక సందు. వాళ్ల నాన్న కొమ్ము పని చేసేవారు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు నువ్వు ఎగ్జిబిషన్లలో అద్దాల వెనక చూసి ఉంటావు. మేం అవి తయారవుతుండగా చూశాం. గేదె కొమ్ముని నిప్పుల మీద కాచి, మెత్తబడగానే చెక్కల మధ్య బిగించి పలకలా చేసి, ఆకురాయితో రాసి రాసి, దానిలోంచి దువ్వెనలు, కొంగలు, మీసాలతో సహా రొయ్యలు, జగన్నాథుడి బొమ్మలు తీసేవారు. కొమ్ము కాలుతుంటే వెంట్రుకలు కాలిన కంపు వీధి చివరిదాకా వచ్చేది. మాకు ఆ కంపు అలవాటే. మా నాయనమ్మకి మాత్రం కాదు. "చచ్చిన గొడ్డు కొమ్ములు ముట్టుకునే ఇల్లు, అక్కడ మంచినీళ్లు తాగావో, నూతి దగ్గర తలారా పోసుకుంటేగానీ లోపలికి రానివ్వను" అనేది. అన్నంత పనీ చేసేది. చలికాలంలో కూడా.

నాయనమ్మకి ఇంకో కోపం కూడా ఉండేది, దానికి కులంతో పనిలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు మన ఊరు అటు పోయింది. ఏరు దాటితే పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయింది. మన ఇల్లు ఇటు, పొలం అటు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లో రాజావారి బడిలో చదువు చెప్పి, సవరల భాష నేర్చుకుని, వాడుక భాష కోసం అంత పోరాడి, చివరికి ఊరు ఒరిస్సాలో కలవడం ఇష్టంలేక రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాతయ్యకి అలా వెళ్లే స్తోమతు లేదు. "పంతులుగారికి పేరుంది, ఎక్కడైనా బతుకుతారు. మనకి ఈ పెంకుటిల్లే గతి" అనేవాడట. ఆ ఉక్రోషమంతా నాయనమ్మ వెనక సందు ఒరియా వాళ్ల మీద తీర్చుకునేది. పాపం, వాళ్లేమైనా సరిహద్దు గీశారా!

నేను తెలుగు బడి, మౌసి ఒరియా బడి. సాయంత్రాలు చెరువు గట్టున కలిసేవాళ్లం. నా పలక అది తీసుకునేది, దాని పలక నేను. అలా నాకు ఒరియా అక్షరాలు, దానికి తెలుగు అక్షరాలు వచ్చాయి. ఎవరూ నేర్పలేదు. దానికి 'ఱ' ఎందుకుందో ఎప్పటికీ అర్థం కాలేదు, నాకూ చెప్పడం చేతకాలేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాయనమ్మ రథయాత్రకి పూరీ వెళ్లి వచ్చింది. వస్తూ నిర్మాల్యం తెచ్చింది. నిర్మాల్యం అంటే జగన్నాథుడికి నైవేద్యం పెట్టిన అన్నం ఎండబెట్టిన మెతుకులు. ఎర్రగుడ్డ సంచిలో కట్టి అమ్ముతారు, ఏడాదైనా పాడవదు. ఆ ముసలావిడ సరాసరి మా గుమ్మంలోకి వచ్చి, ఈ పిల్లలిద్దరికీ మహాప్రసాదం కడతానంది. మన శ్రీకాకుళం వైపు నేస్తం కట్టినట్టే, ఒడిశాలో జగన్నాథుడి ప్రసాదం ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుని స్నేహం కడతారు. ఒకసారి కడితే చచ్చేదాకా విడదు. మా నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి కుదరదంది. అప్పుడావిడ నవ్వి, "మొన్న మీరు పూరీ వెళ్లినప్పుడు ఆనంద బజారులో ఎవరి పక్కన కూర్చుని తిన్నారమ్మా? కులం అడిగే తిన్నారా?" అంది. ఆనంద బజారులో ఎవరూ ఎవరినీ అడగరు, బ్రాహ్మడైనా బోయవాడైనా ఒకే కుండలోది. మా నాయనమ్మ అక్కడ తిని వచ్చిందని వీధంతా తెలుసు, ఆవిడే చెప్పుకుంది. ఇక మాట పెగల్లేదు. "మొక్కకుండా తింటారేమో, కళ్లు మూసుకోమనండి" అని పక్కకి జరిగింది. ఊళ్లో జగన్నాథుడి గుడి ముందు నాలుగు మెతుకులు నేను దాని నోట్లో, నాలుగు అది నా నోట్లో పెట్టుకున్నాం. అది నా వేలు కొరికింది. కావాలనే.

ఆ రోజు నుంచీ ఇద్దరం ఒకరినొకరం పేరు పెట్టి పిలవకూడదు. "మహాప్రసాద్" అనే పిలవాలి. వాళ్ల అమ్మ నాకు అమ్మ, మా అన్నయ్య దానికి అన్నయ్య. పండక్కి బట్టలు పెట్టాలి, పెళ్లికి ముందు కబురు వెళ్లాలి, చావుకీ వెళ్లాలి. అబద్ధం ఆడకూడదు, పోట్లాడకూడదు. ఈ చివరిదే కష్టమైంది. అది మహా మొండిది బుజ్జీ, పోయిన మనిషి గురించి అనకూడదు గానీ. గవ్వలాటలో తొండి చేసేది, తొండి చేశావంటే ముఖం అటు తిప్పేసేది. పోట్లాడకూడదు కాబట్టి మేం మూడో మనిషి ద్వారా పోట్లాడుకునేవాళ్లం. చిన్నప్పుడు ఆ మూడో మనిషి మా అన్నయ్య, పెళ్లయ్యాక మీ నాన్న. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని, "ఏవండీ, అరిసెల్లో నువ్వులు ఎక్కువయ్యాయని మహాప్రసాద్‌కి చెప్పండి", "భాయినా, నువ్వులు తక్కువైతే అది అరిసె పిఠా కాదు, బెల్లం బిళ్ల అని చెప్పండి". భాయినా అంటే ఒరియాలో అన్నయ్య. మీ నాన్న పేపరు చదువుకుంటూ ఇద్దరికీ తలూపేవారు. అరిసెలు ఎవరివి గొప్ప అన్నది చివరిదాకా తేలలేదు. వాళ్లవీ మనవీ ఒకటే పిండి, ఒకటే పాకం, అయినా తేలలేదు.

మార్గశిర మాసంలో గురువారాలు వాళ్లింట్లో లక్ష్మీపూజ. మాణబస అంటారు. కుంచం నిండా కొత్త ధాన్యం పోసి లక్ష్మీదేవిగా కొలుస్తారు. ముందురోజే బియ్యం నానేసి రుబ్బి, ఆ పిండినీళ్లతో గుమ్మం నుంచి దేవుడి గది దాకా చిన్న చిన్న పాదాలు వేసేవాళ్లు. మన ముగ్గు పొడి, సాయంత్రానికి గాలికి పోతుంది. వాళ్లది ఎండి అతుక్కుంటుంది, మర్నాటికీ ఉంటుంది. పూజయ్యాక బలరామదాసు లక్ష్మీపురాణం చదవాలి. మహాప్రసాద్ గొంతు బాగుంటుందని దాని చేతే చదివించేవాళ్లు. లక్ష్మీదేవి ఊరి చివర శ్రియ అనే చండాల స్త్రీ ఇంటికి వెళ్లి పూజ అందుకుంటుంది. అది చూసి బలభద్రుడు, "మరదల్ని గుడిలోకి రానివ్వను" అంటాడు. ఆవిడ వెళ్లిపోతుంది. అన్నదమ్ములిద్దరికీ పన్నెండేళ్లు తిండి పుట్టదు. చివరికి ఆవిడ చేతి అన్నమే తిని బతుకుతారు, పూరీలో కులం లేకుండా అందరూ కలిసి తినాలని ఆవిడ పెట్టిన షరతుకి ఒప్పుకుంటారు. ఈ కథ మా గోడ ఇవతలికి స్పష్టంగా వినిపించేది. నాయనమ్మ ఒత్తులు చేసుకుంటున్నట్టు గోడ పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఆవిడకి ఒరియా రాదని అందరం అనుకునేవాళ్లం. ఒక గురువారం వాన పడి సగం వినిపించకపోతే, మర్నాడు నన్ను పిలిచి మెల్లిగా, "ఆవిడ వెళ్లిపోయాక అన్నదమ్ములేం చేశార్రా?" అని అడిగింది. తరువాతి ఏడాది నుంచి నన్ను నూతి దగ్గర నిలబెట్టడం మానేసింది. మానేశానని చెప్పలేదు, అంతే.

కార్తీక పౌర్ణమికి తెల్లారుజామున వాళ్లు అరటి డొప్పల పడవలు చేసి మహేంద్రతనయలో వదిలేవాళ్లు. అమావాస్య మర్నాడు మనం పోలి దీపాలు అదే ఏట్లో, అదే అరటి డొప్పల్లో. మేమిద్దరం రెండింటికీ వెళ్లేవాళ్లం. ఇంట్లో అరటి చెట్లు బతికి బట్ట కట్టేవి కాదు.

దానికి పందొమ్మిదేళ్లకి గుణుపురం సంబంధం వచ్చింది. నౌపడా నుంచి మన ఊరి మీదుగా గుణుపురం వెళ్లే చిన్న రైలు నీకు లీలగా గుర్తుండాలి. రాజావారు 1900లో మన ఊరి దాకా వేయించారు, 1931లో గుణుపురం దాకా పొడిగించారు. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. యాభై కిలోమీటర్ల చిల్లర దూరానికి పూట గడిచిపోయేది. ఆ రైలే లేకపోతే ఆడపిల్లలకి పెళ్లయ్యాక స్నేహం ఎక్కడిది? నాతో చదువుకున్న మిగతా ఆడపిల్లలు ఎక్కడున్నారో కూడా నాకు తెలీదు. మగవాళ్లకి టీ కొట్టు ఉంటుంది, రోజూ కలుస్తారు. మాకు ఎవరో ఒకరు చూడ్డానికి వెళ్లాలి, వెళ్లడానికి అత్తగారిని అడగాలి, అడగడానికి ఒక కారణం ఉండాలి. మాకు కారణం ఉండేది. "మా మహాప్రసాద్ ఇంట్లో పండగ" అంటే దాని అత్తగారు కాదనలేదు, జగన్నాథుడి మాట కాబట్టి. నా అత్తగారికి ఆ సంగతి అర్థమయ్యేలా చెప్పడానికి మీ నాన్నకి కొంతకాలం పట్టింది. ఇప్పుడాలోచిస్తే వాళ్ల నాయనమ్మ ఎంత తెలివిగా చేసిందో అనిపిస్తుంది. ఉత్త స్నేహితులమైతే ఎవరూ పంపేవారు కాదు.

వెళ్లలేనప్పుడు పదిహేను పైసల కార్డులు. అది తెలుగు మాటలు ఒరియా అక్షరాల్లో రాసేది. నేను ఒరియా మాటలు తెలుగు అక్షరాల్లో రాసేదాన్ని. పోస్ట్‌మ్యాన్ చదివినా సగమే అర్థమవ్వాలని మా ప్లాను. గుణుపురంలో ఉన్న ఆయనకి రెండు భాషలూ వచ్చట, అంతా చదివి దాని మొగుడికి చెప్పేవాడట. ఏళ్ల తరువాత తెలిసింది.

2004లో పెద్ద లైను వేస్తామని చిన్న రైలు ఆపేశారు. గుణుపురం దాకా మళ్లీ రైలు వచ్చేసరికి 2011. ఆ మధ్య కాలమంతా బస్సులే. దానికి బస్సు పడదు, నిమ్మకాయ వాసన చూస్తూ వచ్చేది, మన గుమ్మంలో దిగగానే చాప వేయమనేది. అయినా రావడం మానలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది, నువ్వప్పటికే హైదరాబాదులో ఉన్నావు. మహేంద్రతనయా వంశధారా రెండూ పొంగాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, చెట్లన్నీ రోడ్ల మీదే. నువ్వు మా గురించి ఏడుస్తూ ఉంటే నేను దాని గురించి ఏడుస్తున్నాను. దారి పడగానే దాని కొడుకు మోటారు సైకిల్ మీద బురదలో పడుతూ లేస్తూ వచ్చాడు. బియ్యం తెచ్చాడు. "అమ్మ ముందు మీ దగ్గరికి వెళ్లి చూసి రమ్మంది" అన్నాడు. వాళ్లింట్లో మోకాలి లోతు నీళ్లు దిగలేదు అప్పటికి. మన ఇంట్లో బియ్యం ఉన్నాయి, అయినా తీసుకున్నాను. వద్దంటే అది ఊరుకోదు.

కిడ్నీల సంగతి నీకు తెలుసు. దానికీ నాలాగే షుగరు, ఎన్నో ఏళ్లది. కాళ్లు వాస్తే నడక ఎక్కువైందనుకుంది. డాక్టరు చూసేసరికి డయాలసిస్ తప్ప దారి లేదన్నారు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. పర్లాకిమిడిలో చేయించుకో, మా ఇంట్లో ఉండు అన్నాను. కొడుకు మొహమాటపడ్డాడు, అది పడలేదు. పెట్టె సర్దుకుని వచ్చి, నీ గదిలో నీ మంచం మీద కిటికీ వైపు పడుకుంది. నువ్వు దసరాకి వచ్చినప్పుడు చూశావు కదా, ఎముకల గూడులా ఉండి కూడా నీ చీర బాగాలేదని చెప్పింది.

ఎడమ చేతికి చిన్న ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపారు, సూది గుచ్చడానికి వీలుగా. దాని మీద చెయ్యి పెడితే లోపల జుమ్మని కొట్టుకునేది. పక్కింటి పిల్లల్ని పిలిచి చెవి పెట్టి వినమనేది, "నా చేతిలో తేనెపట్టు ఉంది" అనేది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, బీపీ చూడనివ్వకూడదు. తిండి దగ్గరే పెద్ద నరకం. కొబ్బరినీళ్లు వద్దు, అరటిపండు వద్దు, ఉప్పు తగ్గించాలి, కూరలు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి వండాలి. నీళ్లు కూడా రోజుకి సీసాతో కొలిచి ఇవ్వాలి. తాగినవి ఒంట్లోనే ఉండిపోతాయి, ఊపిరితిత్తుల్లోకి వస్తాయి. ఈ కొబ్బరి సీమలో పుట్టి కొబ్బరినీళ్లు తాగకూడదంటే ఎలా ఉంటుందో ఆలోచించు. అన్నిటికంటే పొఖాళొ కోసం ఏడ్చింది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున్న ఆ పులిసిన నీళ్లతో సహా తినడం, మన చద్దన్నం తరవాణి లాంటిదే. నేను నీళ్లన్నీ పిండేసి ఉత్త మెతుకులు పెట్టేదాన్ని. "భాయినా, ఈ ఇంట్లో నన్ను ఎండబెట్టి నిర్మాల్యం చేస్తున్నారని మహాప్రసాద్‌కి చెప్పండి" అంది. మీ నాన్న పేపరు కింద పెట్టి నవ్వారు. నేనూ నవ్వాను, గిన్నె మాత్రం ఇవ్వలేదు.

చివరి రాత్రి ఆయాసం వచ్చింది. పడుకోలేకపోయింది, కూర్చుంటేనే ఊపిరి. ఆటోలో తీసుకెళ్లాం. ఆస్పత్రిలో కాగితం మీద పేషెంటు పేరు అడిగారు. నా నోట్లోంచి రాలేదు బుజ్జీ. యాభై ఏళ్లకి పైగా అనని పేరు. ఆ కుర్రాడు రెండోసారి విసుగ్గా అడిగాడు. మీ నాన్న ఆటోవాడికి డబ్బులిచ్చి వచ్చి చెప్పారు. మీకేమవుతుందని కూడా అడిగాడు. మీ నాన్న క్షణం ఆగి "మరదలు" అన్నారు. కాగితంలో అదే ఉంది.

తెల్లారేసరికి అయిపోయింది. వాళ్లవైపు పోయేముందు నోట్లో నిర్మాల్యం వేస్తారు. మన దేవుడి గదిలో ఎర్రగుడ్డ సంచి ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది, అదే ప్రతి ఏడాదీ కొత్తది తెచ్చి కట్టేది. మీ నాన్న వెళ్లి తెచ్చారు. కొడుకు ఇంకా దారిలోనే ఉన్నాడు, ఫోన్లో "మౌసీ, మీరే వేయండి" అన్నాడు. వేశాను. ఈసారి కొరకలేదు.

నాకు ఒంటిపూట ఉండమని ఎవరూ చెప్పలేదు. పురోహితుడిని అడగలేదు కూడా. అడిగితే మీకు మైల లేదనేవారు, ఆ మాట వినడం నాకిష్టం లేదు. మీ పెద్దత్తయ్య ఫోన్ చేసి "ఒరియా వాళ్ల కోసం నీకెందుకమ్మా ఇవన్నీ" అంది. జవాబు చెప్పలేదు. ఆవిడ ఆపరేషనప్పుడు రాత్రులు ఆస్పత్రిలో పడుకున్నది ఎవరో ఆవిడకే గుర్తుండాలి. అలాంటి మాటలకి నువ్వు కూడా నా తరఫున పోట్లాడొద్దు.

ఎల్లుండి దశాహానికి పొద్దున్న రైల్లో గుణుపురం వెళ్తున్నాం. బట్టలు పెట్టాలి. మౌసి కొడుకు, అదే నీ భాయినాకి పంచె, కోడలికి చీర తీశాను. నువ్వు రానవసరం లేదు, సెలవులు లేవని తెలుసు. భాయినాతో ఒకసారి మాట్లాడు చాలు. "కండోలెన్స్" అని మెసేజ్ పెట్టకు, ఫోన్ చెయ్యి. నీకు తెలుగులో ఏడుపొస్తే తెలుగులోనే ఏడు, వాడికి అర్థమవుతుంది.

ఇంకో పని. వాడి పెద్దమ్మాయికి హైదరాబాదులో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆ నియామకం కాగితం నాయనమ్మకి చూపించడానికి మన ఇంటికే తెచ్చింది. పన్నెండో రోజు అయ్యాక బయలుదేరుతుంది. పలాసలో ఫలక్‌నుమా ఎక్కి సికింద్రాబాదులో దిగుతుంది. హాస్టల్ చూసుకుంటామంటున్నారు, నేను వద్దన్నాను. నువ్వు దానికి మేనత్తవి, ముందు మీ ఇంట్లో దిగాలి. మీ ఆయనతో నేను మాట్లాడతాను, లేదా మీ నాన్న మాట్లాడతారు. స్టేషన్‌కి క్యాబ్ పంపకు, నువ్వే వెళ్లు. ఆ పిల్ల ఒంటరిగా ఊరు దాటడం ఇదే మొదటిసారి, పెద్ద స్టేషన్లో కంగారు పడుతుంది. కారం తక్కువ తింటుంది, ఆవకాయ ముట్టుకోదు. గురువారం మాంసం తినదు. పొద్దున్న చద్దన్నం పెడితే చాలా సంతోషిస్తుంది, టిఫిన్ల కోసం హైరానా పడకు. దానితో తెలుగులోనే మాట్లాడు. వచ్చు, కానీ వచ్చని చెప్పదు, వాళ్ల నాయనమ్మలాగే.

రైలు తేదీ ఖాయమవగానే ఫోన్ చేస్తాను.

మీ అమ్మ